అమ్ముడుపోని ఇంటి గడప మీద దీపం

నా రాతలో తప్పులుంటాయి, ముందే చెప్పుకుంటున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ నాకు నలభై ఆరో ఏట గాని పట్టుబడలేదు. ఒక పేజీ రాయాలంటే నాకు రెండు పూటలు పడుతుంది. కథ నెమ్మదిగా నడిచిందనిపిస్తే ఆ నెమ్మది నా చేతిది, అసిరమ్మది కాదు. ఇది ఆమె పరిశోధనల్లో అయిదో ప్రకరణం. వెనకటి నాలుగూ చదవకపోయినా ఇబ్బంది లేదు, ఈ సంగతి దీనికదే.

*

పందొమ్మిది వందల ముప్పై నాలుగు, ఫాల్గుణ మాసం, శుక్రవారం. తెల్లవారి సరిగ్గా ఆరు గంటలకు అప్పలకొండ వీధి తలుపు తీసింది. గడప మీద దీపం వెలుగుతోంది.

ఒక్క దీపమే అయితే ఎవరూ భయపడరు. దీపం చుట్టూ ఎర్రన్నం ముద్దలు, పక్కన కుంకం పూసిన నిమ్మకాయ, నల్లగుడ్డ పేలికలో కోడిగుడ్డు. విజయనగరం, బొబ్బిలి తట్టునుంచి వచ్చి బిలాస్‌పూర్ రైల్వేలో కుదురుకున్న మనవాళ్ళకి అదేమిటో విప్పి చెప్పనక్కర్లేదు. చిల్లంగి. ఆ చేతబడి పెట్టిన గడపను తెలిసి తెలిసి ఎవడూ దాటడు.

అప్పలకొండ కేకలు పెట్టలేదు. ఇది నాలుగోసారి. దీపం ఊది ఆర్పి, అంతటినీ ఇత్తడి పళ్ళెం బోర్లించి కప్పి, సిగ్నల్ దీపాలు చూసే లాంపుమన్ క్వార్టర్లో ఉండే అసిరమ్మకు కబురంపింది.

ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి పద్నాలుగు నెలలు. రైల్వేవాళ్ళ పేట తార్‌బహార్‌లో అలాంటి ఇల్లు ఇంకొకటి లేదు. అప్పలకొండ మొగుడు డ్రైవరు. తొమ్మిదేళ్ళు ఒక్కొక్క గదీ లేపుకుంటూ కట్టాడు. రైల్వేవాళ్ళు వేలం వేసిన పాత వ్యాగన్ల టేకు చెక్క కొని తలుపులు చేయించాడు. గోడలు ఇటికవి, అరుగు నల్లరాయిది. కట్టిన మూడో ఏట పోయాడు. మరిది వచ్చి, వదినా, తాళం వేసి మా ఇంటికొచ్చేయి, పిల్లలతోపాటు నీకూ ఇంత ముద్ద పెడతాం అన్నాడు. ఆ ముద్ద అన్నమాట అప్పలకొండకు గుచ్చుకుంది. ఇల్లు అమ్మి గతౌరా స్టేషను దగ్గర అయిదెకరాల వరిపొలం కొనుక్కుని, తన అన్నం తానే పండించుకుంటానని అందరి ముందూ చెప్పింది. పొలం ఆసామి ఉగాది దాకా ఆగుతానన్నాడు. ఉగాదికి ఇంక పదకొండు రోజులు.

కొనేవాళ్ళే లేరు. రోజులు అలా ఉన్నాయి. ఇంజిన్ల షెడ్డులో మనుషుల్ని తీసేస్తున్నారు. ఉన్నవాడికి రేపటి డ్యూటీ ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఒక్క ఆ వీధిలోనే ఏడు ఇళ్ళకు సుద్దతో ‘అమ్మబడును’ అని రాసి ఉంది, వానకు సగం అక్షరాలు పోయాయి. మొదటి ఏడు పందొమ్మిదిమంది వచ్చారు. మంచినీళ్ళు తాగారు, తలుపులు నిమిరి మెచ్చుకున్నారు, ఆలోచించి చెబుతామని వెళ్ళి ఆలోచిస్తూనే ఉన్నారు. బేరం కుదిర్చే దలాలు, ధర సగం చెయ్యమ్మా అన్నాడు. మా ఆయన సగం ఇల్లు కట్టలేదు బాబూ అంది అప్పలకొండ. మరి దలాలు రాలేదు.

ఆ తరవాత నిజంగా కొనే ఉద్దేశంతో వచ్చినవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ వచ్చిన రోజునే గడప మీద చిల్లంగి. ముగ్గురూ వీధిలోంచే తిరిగిపోయారు. ఈవేళ నాలుగో మనిషి వస్తున్నాడు. గూడ్సు డ్రైవరు సత్యనారాయణ, భార్యతో సహా, సాయంత్రం నాలుగు గంటలకు.

అసిరమ్మ వచ్చేసరికి ఆరున్నర. యాభై నాలుగేళ్ళ మనిషి. ఎముకల గట్టితనం తప్ప ఒంటి మీద కండ లేదు. అక్షరం రాదు. కాని మొగుడు అప్పలస్వామి గతౌరా స్టేషనులో సిగ్నల్ దీపాలు చూసిన పదకొండేళ్ళూ ఆమె పక్కనే కూర్చుని వత్తులు కోసింది. అతను జ్వరాన పడ్డ రోజుల్లో దీపం పట్టుకుని సిగ్నల్ నిచ్చెన తానే ఎక్కింది. వత్తి చూసి ఎంతసేపు వెలిగిందో చెప్పగలదు, నూనె వాసన చూసి ఏ కొట్టుదో చెప్పగలదు. దీపాల అసిరమ్మ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

ఆమె పళ్ళెం ఎత్తింది. నిమ్మకాయనూ గుడ్డునూ చూడనైనా చూడలేదు. ప్రమిద చేతిలోకి తీసుకుంది. నూనె సరిగ్గా సగం ఉంది. చిటికెన వేలు ముంచి వాసన చూసింది, నాలుక చివర తగిలించుకుని ఉమ్మేసింది. ఇది ఆముదం కాదు, నువ్వుల నూనె కాదు. గార్డుల చేతిలాంతర్లలో పోసే నూనె.

తరవాత వత్తి బయటికి లాగింది. వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

“అప్పలకొండా, నువ్వు దీపారాధనకి వత్తి ఎలగ చేస్తావే?”

“ఎలగేటప్పా, దూది నులిమి చేస్తాను.”

“కత్తెర తగలనిస్తావా?”

“అపచారం. దేవుడి వత్తికి ఇనుం తగలనిస్తామా?”

“చిల్లంగోళ్ళకీ అదే కట్టడి. ఇది చూడు. పట్టీ వత్తి. నేతది. దీని మూలలు కత్తెరతో కత్తిరించేసి ఉన్నాయి.” అసిరమ్మ వత్తిని వెలుగులోకి పట్టింది. “మూలలు తియ్యకపోతే మంట కొమ్ములు లేస్తాది, చిమ్నీ మసి పడతాది. అలగని మూలలు తీసేది ఒక్క లాంపు గదిలోనే. రోజుకి నలభై వత్తులు కోసీవోడి చెయ్యి ఇది. భయపెట్టడానికి చేసినా, వాడి చెయ్యి ఊరుకోలేదు.”

ఆ మాట అంటుంటే ఆమె గొంతులో కాస్త గర్వం పలికింది. దొంగ మీద కాదు, ఆ పని మీద.

ఈవేళ సత్యనారాయణ వస్తున్నట్టు ఇంకెవరికి తెలుసునని ఆమె అడిగింది. నీతో తప్ప ఎవరితోనూ అనలేదప్పా, మూడుసార్లు దెబ్బ తిన్నాక నోరు కట్టేసుకున్నాను అంది అప్పలకొండ. నేనూ ఎవరికీ చెప్పలేదంది అసిరమ్మ. అది అబద్ధమని ఆమెకు అప్పుడు తోచలేదు. ఇంట్లో అన్నం వడ్డిస్తూ అన్నమాటను ఎవరూ చెప్పినట్టు లెక్కవేసుకోరు.

ఏడు గంటలకు షెడ్డు కూత కూసింది. సరిగ్గా ఆ కూతతో అసిరమ్మ ఒక పని చేసింది. తన ఇంటి లాంతరు నుంచి తెప్పించిన పట్టీ వత్తిని అదే పొడుగున కోసి, అదే ప్రమిదలో అదే రకం నూనె నిండా పోసి వెలిగించి, గాలి తగలకుండా తలుపు మూల పెట్టింది. ఎందుకని అప్పలకొండ అడగలేదు. అడగకుండా ఉండడం అసిరమ్మ దగ్గర అందరూ నేర్చుకున్నదే.

*

కబురు ఠాణాకు కూడా పోయినట్టుంది, ఏడున్నరకు హెడ్డు కానిస్టేబులు రమణమూర్తి వచ్చాడు. అతని వెనక ఒక జవాను, జవాను పక్కన వెనకసందులో ఉండే మంత్రసాని చిన్నతల్లి. ముసల్ది తన మూటను రెండు చేతులా పట్టుకుంది. కిందటి సంక్రాంతికి ముందు గూడ్సు పెట్టెలో పోయిన పట్టుచీరల మూటను రమణమూర్తి పన్నెండు రోజులు వెతికాడు, అసిరమ్మ ఒక్క పూటలో చూపించింది. ఆ దెబ్బ అతను మరిచిపోలేదు.

“అచ్ఛా, దీపాల డాక్టరమ్మ ముందే వచ్చేసిందే,” అన్నాడు అరుగు మీద కూర్చుంటూ. “ఈసారి నీకంత శ్రమ లేదులే. మంత్రగత్తెని పట్టేశాను. తెల్లారుజామున మూడు గంటలకి ఈ గడప ముందునుంచి వెళ్ళింది. గస్తీవాడు చూశాడు. చేతిలో మూట కూడా ఉంది.”

చిన్నతల్లి అసిరమ్మ కాళ్ళకేసి చూస్తూ చెప్పింది. “ఎల్లినానప్పా. నేదనను. ఫిట్టరు పెళ్ళానికి నొప్పులొస్తే పిలిపించీనారు. మూటలో నా సామాన్లే. ఆడపిల్ల పుట్టింది. తెల్లగా తెల్లారీదాకా అక్కడే ఉన్నాను.”

వెళ్ళిందా లేదా, గస్తీవాడు చెప్పింది నిజమేనా అని రమణమూర్తి రెట్టించాడు. నిజమేనంది ముసల్ది. మరింకేం అని అతను లేచి నిలబడ్డాడు. వీధిలో అప్పటికే పదిమంది మూగారు. మనవాళ్ళు చిల్లంగి అంటున్నారు, ఊరివాళ్ళు టోన్హీ అంటున్నారు. ఏ భాషలో అన్నా రాయి విసరడానికి చాలినంత మాటే.

“కూకో హెడ్డు బాబూ,” అంది అసిరమ్మ. “ఎనిమిది కూత కూయనీ.”

“నీ కూతల కోసం సర్కారు ఆగదు.”

“చీరల కోసం పన్నెండు రోజులు ఆగింది గదా.”

జవాను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. రమణమూర్తి కూర్చున్నాడు.

ఎనిమిది గంటల కూత కూసింది. అసిరమ్మ తలుపు మూలనున్న ప్రమిద తెచ్చి అతని మోకాళ్ళ ముందు పెట్టింది. నూనె సగానికి దిగింది. ఆమె చెప్పింది ఇంతే: నిండు ప్రమిద గంటకు సగం తాగుతుంది, రెండు గంటలకు ఆరిపోతుంది. చిన్నతల్లి మూడు గంటలకు వెలిగించి ఉంటే అయిదుకే కొండెక్కిపోవాలి. అప్పలకొండ ఆరు గంటలకు చూసినప్పుడు వెలుగుతోంది, సగం నూనె మిగిలి ఉంది. అంటే వెలిగించింది అయిదు గంటలకు. అయిదు గంటలకు చిన్నతల్లి రెండు చేతులూ ఫిట్టరు ఇంట్లో పుట్టబోయే పిల్ల కింద ఉన్నాయి. ఫిట్టరు తల్లి, అత్త, ఇద్దరు పొరుగువాళ్ళు సాక్ష్యం.

మూగినవాళ్ళలో ఒకరిద్దరు తలూపారు. రమణమూర్తి ప్రమిద వంకే చూస్తున్నాడు.

“నూనె కోర్టుకి వచ్చి ప్రమాణం చేస్తుందా?”

“రాదు. అందుకే మనిషిని పట్టిస్తాను. వత్తి లాంపు గదిది. అయిదు గంటలంటే లాంపుమన్లు సిగ్నళ్ళ దగ్గరికి బయల్దేరే వేళ. ఈ వీధి వాళ్ళ దారి. ఉన్నది ఆరుగురు. వాళ్ళలో ఒకడు.”

“ఎప్పటికి పట్టిస్తావు?”

“నాలుగు గంటలకి. కొనేవాళ్ళు వచ్చీ వేళకి. ఈ గడప మీదే, అందరి ముందూ. ఎవడైనా సరే.”

“పట్టించకపోతే?”

“ముసల్దాన్ని తీసుకుపో. నా మాట ఇంకెప్పుడూ ఈ తార్‌బహార్‌లో ఎవరూ వినక్కర్లేదు.”

ఎవడైనా సరే అన్నమాటను ఆమె తల ఎత్తి అంది. అప్పలకొండ ఆమె చెయ్యి పట్టుకుంది. అలా అందరి ముందూ తన ఇంటి తరఫున మాట ఇచ్చినవాళ్ళు మొగుడు పోయాక ఆమెకు ఎవరూ లేరు.

*

లాంపు గదిలోకి ఆడవాళ్ళని రానివ్వరు. రమణమూర్తితో కలిసి వచ్చిన అసిరమ్మను మేస్త్రీ ఆపలేదు. లోపల బల్ల మీద వరసగా దీపాలు, ఎర్ర అద్దాలు, ఆకుపచ్చ అద్దాలు, నూనె డబ్బాలు. ఆరుగురూ పనిలో ఉన్నారు. ఆరోవాడు ఆమె కొడుకు సూర్యం. తండ్రి పోయాక అతనికే ఆ ఉద్యోగం ఇచ్చారు, అతని క్వార్టర్లోనే ఆమె ఉంటోంది. తల్లిని చూసి అతను నవ్వాడు. హెడ్డును చూసి నవ్వు ఆపాడు.

రమణమూర్తి ఒక్కొక్కణ్ణీ పేరూ ఊరూ అడగడం మొదలుపెట్టాడు. అయిదు గంటలకు ఎక్కడున్నావు, ఏ సిగ్నల్, ఎవరు చూశారు. అందరూ ఒకటే చెప్పారు. అయిదు గంటలకు గదిలోంచి బయల్దేరాం, ఎవరి సిగ్నల్‌కి వాళ్ళం పోయాం, దీపాలు దింపి తెచ్చాం. ఆరుగురి మాటా ఒకేలా ఉంటే ఆరు మాటలూ దండగే.

అసిరమ్మ ఏమీ అడగలేదు. బల్ల మీది వత్తి చుట్టలోంచి ఆరు బెత్తెడు ముక్కలు తుంచింది. ఒక్కొక్కరి ముందూ ఒక్కొక్కటి పెట్టింది.

“ఈ రాత్రి దీపానికి ఎలగ కోస్తారో అలగ కొయ్యండి.”

ఆమె కొంగు మూటలోంచి గడప మీది వత్తి తీసి, గుడ్డతో మసి తుడిచింది. మసి కింద అసలు కోత ఇప్పుడు పూర్తిగా కనబడింది. రెండు మూలలూ సమానంగా లేవు. కుడి మూల లోతుగా, ఎడమ మూల పైపైన.

అసిరమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

గతౌరాలో స్టేషనుకు దూరంగా బండ్లను ఆపే ఔటర్ సిగ్నల్ పొలాల మధ్య ఎత్తు మీద ఉండేది. గాలి ఎప్పుడూ ఒకే పక్కనుంచి తోసేది, మంట వాలిపోయేది. అప్పలస్వామి రెండేళ్ళు తంటాలు పడి ఒక కోత కనిపెట్టాడు. గాలి తగిలే పక్క మూల లోతుగా తీస్తే మంట నిలబడుతుంది. పదకొండేళ్ళలో అతని దీపం ఒక్క రాత్రి ఆరలేదు. పెద్ద ఇనస్పెక్టరు వచ్చి అతని వీపు తట్టి వెళ్ళాడు. ఆ కోత అతను ఇంకెవరికీ చూపించలేదు. నేర్పింది ఇద్దరికే. ఒకరు అసిరమ్మ.

ఆమె తలెత్తి ముక్కలు చూసింది. మొదటిది, రెండు మూలలూ సమానం. రెండోది అలాగే. మూడు, నాలుగు, అయిదు అలాగే.

సూర్యం ముక్క అడ్డంగా, తిన్నగా కోసి ఉంది. మూలలు తియ్యనే లేదు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా అలా కొయ్యడు.

అప్పలస్వామి కొడుకుకి వత్తి కొయ్యడం రాకుండా పోయింది. గదిలో ఆ సంగతి గమనించినవాళ్ళు ఇద్దరే, కోసినవాడూ, కోయించినదీ. సూర్యం కత్తెర బల్ల మీద పెట్టాడు గాని తల ఎత్తలేదు.

రమణమూర్తి ఆరు ముక్కలూ తిప్పి తిప్పి చూశాడు. “ఏదీ కలవలేదు గదా. చెప్పానా?” అన్నాడు. అతని ముఖం వెలిగింది. “నాలుగు గంటల దాకా ఎందుకు, ఇప్పుడే ఒప్పేసుకో అసిరమ్మా.”

“నాలుగనే అన్నాను,” అంది ఆమె. ఆరు ముక్కలూ మూట కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. “సూర్యం. నాలుగ్గంటలకి అప్పలకొండ అరుగు మీదికి రా. మీ నాన్న కత్తెర తెచ్చుకో.”

*

ఆవేళ అసిరమ్మ పొయ్యి వెలిగించలేదు. క్వార్టరంతా కలిపి ఒక్క గది. ఆ గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది.

సంగతి తెలిసింది తనకొక్కదానికే. హెడ్డుకు చూపు లేదు, మేస్త్రీ చూడలేదు. వత్తి పొయ్యిలో వేస్తే బూడిద. చిన్నతల్లిని మాత్రం తీసుకుపోతారు. నాలుగు రోజులు లోపల పెడతారు. వదిలేశాక ఆమెను ఏ ఇంటికీ పురుడు పొయ్యడానికి పిలవరు. సత్యనారాయణ భార్య వీధిలోంచే తిరిగిపోతుంది. ఉగాది వెళ్ళిపోతుంది, పొలం ఇంకెవరిదో అవుతుంది, అప్పలకొండ తాళం వేసుకుని మరిది పెట్టే ముద్ద దగ్గరికి వెళుతుంది. ఇటు చూస్తే కొడుకు. ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది.

ఎందుకు చేశాడో ఆమెకు అంతు పట్టలేదు. అప్పలకొండతో వాడికి తగువు లేదు. తాగడు, ఎవరి మాటా విని చెడడు. ఎందుకో తెలియకపోయినా చేతి పని ఎవరిదో తెలుసు. తెలిసినదాన్ని తెలియదని చెప్పే విద్య ఆమె నేర్చుకోలేదు. ఆ వయసులో నేర్చుకోదల్చుకోలేదు కూడా.

మూడున్నరకు లేచి ముఖం కడుక్కుంది. ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

*

సత్యనారాయణ దంపతులు నాలుగుకు అయిదు నిమిషాల ముందే వచ్చారు. అతను ఇంటిని కిందనుంచి పైదాకా చూశాడు, కళ్ళలో ఇష్టం దాచుకోలేకపోయాడు. ఆమె మాత్రం వీధి మధ్యనే నిలబడిపోయింది. ఎవరో అప్పుడే చెవిలో వేసినట్టున్నారు. నేను గడప దాటనండి, మీరు చూసి రండి అంది మొగుడితో. దాటని ఇల్లు ఎలా కొంటామే అన్నాడతను. అప్పలకొండ గడపలో నిటారుగా నిలబడి ఉంది. రమ్మని బతిమాలలేదు. పొమ్మనలేదు.

చిన్నతల్లి జవాను పక్కన నేలమీద కూర్చుంది. రమణమూర్తి అరుగు ఎక్కి, నాలుగు అయిందని గట్టిగా అన్నాడు.

సూర్యం వచ్చాడు. చేతిలో కత్తెర ఉంది.

అసిరమ్మ కొంగు మూట విప్పి గడప మీది వత్తిని నల్లరాతి అరుగు మీద పెట్టింది. దాని పక్కన లాంపు గదిలో కోసిన అయిదు ముక్కలు పరిచింది. ఆరోది చేతిలోనే ఉంచుకుని, ఇది కోసినవాడు కావాలని చెడగొట్టాడు, మళ్ళీ కోస్తాడు అంది. కొత్త ముక్క ఒకటి సూర్యం ముందు పెట్టింది.

“కొయ్యి. మీ నాన్న నేర్పినట్టు.”

అతను కత్తెర అరుగు మీద పెట్టేశాడు.

“బాబూ, పొద్దున్న ఆ చెయ్యి సిగ్గుపడింది. అందరి ముందూ మీ నాన్న కోత నీది గాదన్నావు. చిల్లంగి పెట్టినదాని కన్నా నాకు అదే ఎక్కువ నొచ్చింది. కొయ్యి.”

సూర్యం కత్తెర తీసుకున్నాడు. వత్తి ఎడమచేతి వేళ్ళ మధ్య బిగించాడు. ఒక అడ్డ కోత, కుడి మూల లోతుగా ఒకటి, ఎడమ మూల పైపైన ఒకటి. మూడు కోతలు, మూడు క్షణాలు. ముక్కను తనే తీసి గడప మీది వత్తి పక్కన పెట్టాడు. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకటే అయ్యేలా ఉన్నాయి.

రమణమూర్తి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నిలబడినప్పుడు అతని ముఖంలో పొద్దుటి వెలుగు లేదు. ఈసారి ఓడిపోయానన్న కోపం కూడా లేదు.

“అసిరమ్మా, నీకు పొద్దున్నే తెలుసునా?”

“తెలుసును. ముసల్దాన్ని లెమ్మను.”

జవాను చిన్నతల్లి రెక్క పట్టి లేవదీశాడు. ఆమె ఏడవలేదు, నేరుగా వచ్చి అసిరమ్మ పక్కన నిలబడింది.

అప్పలకొండ గడపలోంచే అడిగింది. “ఏటి సూర్యం, నీకు నానేటి చేసినానురా? మా ఆయన నిన్ను ఇంజినెక్కించి తిప్పేవాడు.”

అతను ఆమె వంక చూడలేదు. తల్లి వంక చూశాడు.

“నువ్వేటీ సెయ్యలేదు పిన్నీ. ఈ ఇల్లు మా అమ్మకి కావాల. రోజూ సాయంత్రం ఈ అరుగు మీద కూకుని, లేచీటప్పుడు ఆ తలుపుని ఒకపాలి తడిమి వస్తాది. ఇలాటి ఇంట్లో ఒక్క పూటైనా నాది అనుకుని నిద్రపోవాలనుందిరా అంది, నాన్న పోయిన ఏడు. మరెప్పుడూ అన్లేదు. ఒక్కపాలే అంది. ఎవరూ కొనకపోతే ధర దిగుతాది, నా చేతికి అందుతాది అనుకున్నాను. ఎవరు ఎప్పుడు వస్తన్నారో అమ్మే అన్నం పెడుతూ సెప్పీది.”

అసిరమ్మ కళ్ళు ఒక్కసారి టేకు తలుపు మీదికి వెళ్ళి వచ్చాయి. ఆ మాట తాను అన్నది నిజం. అన్న రోజు కూడా గుర్తుంది. దొంగను వెతుకుతూ బయల్దేరి నాలుగిళ్ళు తిరిగి చివరికి వచ్చి చేరింది తన నోటి దగ్గరికే.

“రాసుకో హెడ్డు బాబూ,” అంది. గొంతు మారలేదు. “చేసినవాడు సూర్యం, తండ్రి అప్పలస్వామి. ఎవరి కోసం చేసినాడో అదీ రాయి. నా పేరు రాయి. కబురు మోసింది కూడా నానే.”

“నీ పేరెందుకులే,” అన్నాడు రమణమూర్తి.

“సగం నిజం రాస్తే అది కాయితమవుతాది గాని సాక్ష్యమవదు. రాయి.”

అతను రాశాడు. రాసినది చదివి వినిపించాడు. ఆమె వేలిముద్ర వేసింది.

అంతదాకా వీధి మధ్యలో ఉన్న సత్యనారాయణ భార్య మెల్లిగా అరుగు దగ్గరికి వచ్చి వత్తి చేతిలోకి తీసుకుని చూసింది. ఇనుం తగిలిన వత్తితో చిల్లంగేటి, నా మొహం అంది. చెప్పులు విడిచింది. కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. లోపలనుంచి ఆమె గొంతు వినబడింది, ఏమండీ, వంటింటికి రెండు కిటికీలున్నాయి అని. సత్యనారాయణ అప్పలకొండ వైపు తిరిగి, ధర గురించి ఒకమాట అనుకుందామా అన్నాడు. అప్పలకొండ పద్నాలుగు నెలల కింద చెప్పిన ధరే చెప్పింది, ఒక్క కాణీ తగ్గించకుండా. అతను తలుపు మీద చెయ్యి వేసి నిమిరి, సరేనన్నాడు.

రమణమూర్తి సూర్యాన్ని ముందు నడవమన్నాడు. సంకెళ్ళు వెయ్యలేదు. వీధి మలుపు దగ్గర సూర్యం ఆగి వెనక్కి చూశాడు. తల్లి వెనక వస్తుందనుకున్నట్టున్నాడు.

“అమ్మా, ఔటర్,” అన్నాడు.

అప్పుడు తట్టింది అసిరమ్మకు. టైము నాలుగూ యాభై. మిగిలిన అయిదుగురూ ఈపాటికి ఎవరి దీపాలు వాళ్ళు పట్టుకుని పట్టాల వెంట వెళ్ళిపోయి ఉంటారు. గతౌరా వైపు ఔటర్ సిగ్నల్ సూర్యం వంతు. గదికి మైలు దూరం, పైన ఇరవై మెట్ల నిచ్చెన. పొద్దు వాలేది ఆరు గంటలకు. ఆరూ ఇరవైకి మెయిలు, దాని ముందు యార్డులో అడ్డంగా బొగ్గు గూడ్సు. ఔటర్ మీద దీపం కనపడకపోతే మెయిలు ఆగదు. ఆ దీపం గదిలోనే ఉంది. వెలిగించవలసినవాడు ఠాణా దారిలో ఉన్నాడు.

అసిరమ్మ కొడుకు వెనక వెళ్ళలేదు. అరుగు మీది కత్తెర తీసి బొడ్లో దోపుకుని, లాంపు గది వైపు పరుగెత్తింది.

*

ఇట్లు,
గొర్లె చిన్నమ్మి
వయస్సు యాభై తొమ్మిది
ప్రస్తుతం కాపురం రాయపూర్, పెద్దమ్మాయి ఇంట